రాజావారి కన్ను తుడిచిన రోజు

గ్రూపు ఫొటోలో ఎవరైనా కళ్ళు మూసుకుంటే ఇప్పుడు ఫోనే వాటిని తెరిచి పెడుతుందట. మొన్న మా మనవరాలు చేసి చూపించింది. నేను చూసి ఊరుకున్నాను. ఆ పని చేత్తో చేసి నలభై ఏళ్ళు సంసారం ఈదినవాణ్ణి, నాకంత వింతగా అనిపించలేదు. కంప్యూటరు మీద పాత ఫొటోలు బాగుచేసే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, మీ సర్వీసులో గొప్ప పని ఏదైనా చెప్పండి సార్ అని అడుగుతుంటారు. గొప్పగా చేసినవి నాకు పెద్దగా గుర్తు లేవు. చెడగొట్టినది ఒకటి మాత్రం నిన్న చేసినట్టు గుర్తుంది. అదే చెబుతాను.

గుంటూరులో ఒక ఫొటో స్టూడియోలో ఫినిషింగ్ ఆర్టిస్టుగా చేరాను. ఫొటోని పెద్దది చేశాక దాని మీద రంగులు అద్దడం, ముఖం మీద మచ్చలు తీసేయడం, మెళ్ళో లేని గొలుసు వేయడం నా పని. అది కాక ఇంకో పని ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరైనా పోతే, బతికుండగా ఒక్క ఫొటో కూడా తీయించలేదన్న సంగతి ఇంట్లోవాళ్ళకి అప్పుడు గుర్తొచ్చేది. కబురందగానే మా ఫొటోగ్రాఫరు సైకిలు మీద వెళ్ళేవాడు. శవానికి స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టేవారు. వాలిపోకుండా నడుముకి తువ్వాలు చుట్టి కుర్చీకి కట్టేవారు. వెనకనుంచి ఎవరో ఒకరు పట్టుకునేవారు. ఆ ఫొటో నా బల్ల మీదికి వచ్చేది. కట్టిన తువ్వాలుని నేను కండువాగా మార్చేవాణ్ణి. పట్టుకున్న చేతిని కుర్చీ నీడలో కలిపేసేవాణ్ణి. మూసిన రెప్పల మీద కళ్ళు గీసేవాణ్ణి. అలా ఎంతమందికి కళ్ళు తెరిచానో లెక్క పెట్టుకోలేదు.

మా స్టూడియో ఓనరు గారే నాకు పని నేర్పిన గురువు. కోపిష్టి, కానీ పని దగ్గర దైవసమానుడు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. బతికున్నవాళ్ళ కళ్ళు దిద్దేటప్పుడు నల్లగుడ్డు మీద తెల్లరంగుతో చిన్న వెలుగు చుక్క పెట్టాలి. దాంతోనే కంటికి ప్రాణం వస్తుంది. చనిపోయినవాళ్ళకి కళ్ళు గీసినప్పుడు ఆ చుక్క పెట్టకూడదు. ఎందుకని ఒకసారి అడిగితే, అది పెట్టాల్సింది మనం కాదురా అన్నారు. ఈ నియమం మా స్టూడియోదే కాదు, పాత ఆర్టిస్టులందరూ పాటించేవారని కూడా చెప్పారు. గోడ మీద ఏ పటం చూసినా, కళ్ళలో చుక్క ఉందా లేదా అని చూసి మనిషి సంగతి చెప్పేసేవాణ్ణి. అంత తెలిసినవాణ్ణే ఆ రోజు బోల్తా పడ్డాను.

స్టూడియోలు ఒక్కొక్కటిగా కంప్యూటర్లకి మారిపోయాక నేను సొంతంగా పాత పటాలు బాగుచేసే పని పెట్టుకున్నాను. నా గది పక్క గదిలోనే ఫ్రేములు కట్టే భాయ్ ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను ఆర్టిస్టు గారూ అని పిలిచేవాడు, తిట్టేటప్పుడు కూడా. చెక్క వాసన చూసి అది ఏ చెట్టుదో చెప్పగల మనిషి. నా పనిలో లోపం ఉంటే మొహమాటం లేకుండా చెప్పేవాడు. అందుకే ఆయన మీద నాకు గౌరవం, కొంచెం మంట కూడా.

ఒక ఎండాకాలం, మిరపకాయల సీజన్లో, ప్రత్తిపాడు వైపు ఒక ఊరినుంచి ఒక పటం వచ్చింది. ఇద్దరు మనుషులు మోయాల్సినంత పెద్దది. ఆ ఊరి జమీందారుది. జనం ఆయన్ని ఇప్పటికీ రాజావారనే అంటారు. ఆయన మునిమనవడు పాత బంగళా ముందు భాగాన్ని పెళ్ళిళ్ళ ఫంక్షన్ హాలుగా మారుస్తున్నాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే రాజావారి పటం ఉండాలి, అతిథులు దాని ముందు నిలబడి ఫొటోలు దిగాలి, అందుకని తళతళలాడేలా చేసివ్వండి అన్నాడు. మర్యాదస్తుడే, కాకపోతే హడావుడి మనిషి.

వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పాడు. రాజావారి కూతురు, అంటే ఇతని నాయనమ్మ, ఇంకా బతికే ఉన్నారు. ఎనభై దాటాయి. రాజావారికి ఆవిడ ఒక్కతే సంతానం, అల్లుడు ఇల్లరికం వచ్చాడు. ఆవిడ రెండు నెలల పిల్లగా ఉండగా తండ్రి పోయాడు. ఉన్నది ఈ ఒక్క పటమే. అందులో రాజావారు సూటిగా ముందుకి చూడరు, కొంచెం పక్కకి, కిందికి చూస్తుంటారు. ఎందుకంటే, పటానికి ఫొటో తీసే వేళ పిల్లని ఎత్తుకుని తల్లి కెమెరా పక్కన నిలబడిందట. మీ నాన్న నిన్ను చూస్తుంటేనే ఆ ఫొటో తీశారని తల్లి ఆవిడకి చెప్పింది. తండ్రి తనని చూశాడనడానికి ఆవిడకున్న ఆధారం అదొక్కటే. రోజూ పొద్దున్నే ఆ పటం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారట. కళ్ళ జోలికి మాత్రం పోకండి, నాయనమ్మ ఊరుకోదు అని నవ్వుతూ చెప్పి వెళ్ళాడు.

పటం తయారైన తీరు చెప్పాలి. అడుగున ఫొటో, పెద్దది చేసి గుడ్డ అంటించిన అట్ట మీద వేసినది. దాని మీద నూనె రంగులు. కోటు అంచుకి నిజం జరీ కుట్టి అంటించారు. తలపాగాలో అద్దపు రాళ్ళు, కత్తి పిడికి బంగారు రేకు. కుర్చీకి రెండు వైపులా తెరలాగా నిజం వెల్వెట్ ముక్కలు. నడుముకి ఎర్రపట్టు దట్టీ, అది ఉబ్బెత్తుగా కనపడటానికి లోపల పత్తి కూరారు. చేసినవాడెవడో గొప్ప పనివాడు. ఎదురుగా నిలబడితే నాకే చేతులు కట్టుకోవాలనిపించింది.

భాయ్ వెనక చెక్క ఊడదీశాడు. లోపలినుంచి ఎండుమిరపకాయలు గుప్పెళ్ళకొద్దీ రాలాయి. పురుగు పట్టకుండా ఎవరో ఎప్పుడో పోశారు. పప్పుడబ్బాలో వేసుకున్నట్టే. పొడి పొడి అయిపోయి ఘాటు గదంతా కమ్మేసింది. ఇద్దరం తుమ్మి తుమ్మి బయటికి పరిగెత్తాం. భాయ్ కళ్ళు తుడుచుకుంటూ, రాజుగారి ఘాటు ఇంకా తగ్గలేదండీ అన్నాడు.

అంత మిరపకాయలోనూ పురుగు తన పని తాను చేసింది. కుడివైపు వెల్వెట్ పట్టుకుంటే చేతికి ఊడొచ్చింది. దాని కింద ఫొటోలో ఒక చెయ్యి కనపడింది. తెర మడతలోంచి బయటికి వచ్చి, రాజావారి మోచేతికి పైన గట్టిగా పట్టుకుని ఉంది. గాజులున్న చెయ్యి. పరిచారిక అయి ఉంటుందనుకున్నాను. రాజుల చుట్టూ దాసీలుంటారు కదా, వింజామర వీచేవాళ్ళు, తమలపాకులు చుట్టేవాళ్ళు. తర్వాత దట్టీ విప్పాను. లోపలి పత్తిని భాయ్ వేళ్ళ మధ్య నలిపి, ఇది ఇప్పటి పత్తి కాదండీ, పీచు పొట్టిది, మా తాతల నాటి రకం అన్నాడు. ఆ పత్తి కింద ఫొటోలో, కోటు మీదుగా ఒక మామూలు తెల్లగుడ్డ బిగించి కట్టి ఉంది. లోపలి నడికట్టు అనుకున్నాను. రాజావారి దుస్తుల పద్ధతి మనకేం తెలుసు అనుకున్నాను.

బాబూ, మీరు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. పట్టుకున్న చెయ్యి, కట్టిన గుడ్డ, రెండూ నా కళ్ళ ముందున్నాయి. అదే ఒక రైతు ఫొటో అయితే, ఒక చాకలి ముసలమ్మ ఫొటో అయితే, చూసిన మరుక్షణం చెప్పేవాణ్ణి. తలపాగా, కత్తి, జరీ చూసి మతిపోయింది. రాజుని కూడా తువ్వాలుతో కడతారని నాకు తట్టలేదు. బతికుండగా ఆయన ముందు ఎంతమంది తలొంచారో తెలియదు కానీ, పోయాక కూడా నన్ను ఒంచాడు.

కళ్ళ దగ్గరికి వచ్చాను. మునిమనవడు చెప్పిన మాట మరిచిపోలేదు. మీద పట్టిన పసుప్పచ్చ వార్నీషు పలచగా తీస్తే చాలనుకున్నాను. టర్పెంటైన్లో దూది ముంచి తుడిచాను. కళ్ళు తేటగా వచ్చాయి కానీ ఎక్కడో నీరసంగా ఉన్నాయి. చూస్తే వెలుగు చుక్క లేదు. రాజుగారి పటానికి చుక్క పెట్టడం మరిచిపోయే ఆర్టిస్టు ఉంటాడా? వార్నీషు కింద ఎక్కడో మూసుకుపోయి ఉంటుందనుకున్నాను. స్పిరిటు కలిపి ఇంకోసారి తుడిచాను. మిరప ఘాటుకి నా కళ్ళు ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. దూది నల్లబడింది. కన్ను కూడా దూదికే వచ్చేసింది. మిగతా బొమ్మంతా నూనె రంగే, కళ్ళు మాత్రం సన్నటి గీత రావడానికి జిగురులో కలిపిన పలచటి రంగు. మేమూ అలాగే చేసేవాళ్ళం. కంగారులో రెండో కన్ను కూడా తడిసి కరిగిపోయింది. కింద ఫొటోలో రెండు రెప్పలూ మూసి ఉన్నాయి.

భాయ్‌ని కేకేశాను. వచ్చి చూశాడు. ఆ తర్వాత కట్టిన గుడ్డనీ, పట్టుకున్న చేతినీ వేలితో చూపించాడు. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. ఆ కళ్ళు ఎవరినీ చూడలేదు. ఎవరో నాలాంటి జీతగాడు గీసిన కళ్ళు అవి. ఆ ముసలావిడ ఎనభై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే కూర్చుని చూసిన చూపు నాలాంటివాడి బ్రష్షులోంచి వచ్చింది. దాన్ని నేను దూదితో తుడిచి చెత్తబుట్టలో పారేశాను.

భాయ్ సలహా సులువుగానే ఇచ్చాడు. మీరే కదండీ గీసేది, మళ్ళీ గీసేయండి, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. ఆవిడకి శుక్లాలు, సరిగ్గా కనపడదని మునిమనవడు చెప్పి ఉన్నాడు. అదీ ధైర్యమే. నేను చేసినది తప్పు కప్పిపుచ్చుకోవడమే, ఇంకేమీ కాదు. పాత కళ్ళు ఎలా ఉండేవో మొదట్లోనే ఫొటో తీసి పెట్టుకున్నాను కాబట్టి, మర్నాడు దాన్ని ముందు పెట్టుకుని కుడికన్ను పూర్తి చేశాను. బాగా వచ్చింది. ఆరనిచ్చి ఎడమది మొదలుపెడదామని టీ తాగుతున్నాను. బయట కారాగింది.

మునిమనవడు నాయనమ్మని చెయ్యి పట్టుకుని దించాడు. వారం కిందటే ఆవిడకి కంటి ఆపరేషనైందట. చూపించుకోవడానికి ఆస్పత్రికి వచ్చి, ఆ కొత్త కళ్ళతో మొదట నాన్నని చూస్తానని పట్టుబట్టారట. నేను గబగబా పటం మీద గుడ్డ కప్పాను. రంగు తడిగా ఉందమ్మగారూ, ఇంకో రోజు రండి అన్నాను. ఆవిడ సన్నగా, పొట్టిగా ఉన్నారు, నల్లకళ్ళద్దాలు. నేను ముట్టుకోను లెండి, గుడ్డ తీయండి అన్నారు. ఆ గొంతులో గద్దింపు ఏమీ లేదు. ఎవరూ కాదనరన్న అలవాటు మాత్రం ఉంది. భాయే వచ్చి గుడ్డ తీశాడు.

ఒక కన్ను తెరిచి, ఒక కన్ను మూసి, రాజావారు కూర్చున్నారు.

ఆవిడ నల్లద్దాలు తీసి దగ్గరికి వెళ్ళి చూశారు.

"మా నాన్న కన్ను కొడుతున్నాడేమిటండీ?" అన్నారు.

మునిమనవడికి కోపం వచ్చింది. బాగుచేయమని ఇస్తే పాడుచేస్తారా, మేము ముందే చెప్పాం కదా అని గట్టిగా మాట్లాడాడు. తప్పంతా నాదే. పాత రంగు రాలిపోయింది, కొత్తగా వేస్తున్నాను అని అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో ఆవిడ మనవణ్ణి ఆగమని చెయ్యెత్తి, నా వైపు తిరిగారు.

"ఆ మూసిన రెప్ప మీరు గీసిందా, ఫొటోలోదా?"

"ఫొటోలోదేనమ్మగారూ."

"అంటే రెండోదీ అంతేనా?"

"రెండూ అంతే. తెరిచిన కన్ను నేను ఇందాక గీసింది. అంతకు ముందున్నవి కూడా ఎవరో గీసినవే."

ఇంక దాచడానికేమీ లేక, స్టూడియోల్లో ఈ పని ఎలా చేసేవాళ్ళమో మొత్తం చెప్పాను. తువ్వాలు సంగతి చెప్పాను. చుక్క సంగతి చెప్పాను. చెబుతున్నంతసేపూ ఈ వయసు మనిషికి ఇంత నిజం అవసరమా అని నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆవిడ స్టూలు మీద కూర్చున్నారు. ఏడవలేదు. అయితే నాన్న నన్ను చూడలేదన్నమాట అని తనలో తాను అనుకున్నారు. ఆ మాటకి మునిమనవడు తల దించుకున్నాడు.

కాసేపయ్యాక ఆవిడ లేచారు. వెల్వెట్ ఊడిన చోటికి ముఖం ఆనించినంత దగ్గరగా వెళ్ళారు. ఈ చెయ్యి ఎవరిదని అడిగారు. దాసీది అయి ఉంటుందన్నాను. కాదన్నట్టు తల ఊపి, వేలు పెట్టకుండా గాలిలోనే చూపించారు.

"ఆ చిటికెన వేలు చూడండి, లోపలికి వంకర. చిన్నప్పుడు తలుపు సందులో పడిందట. నాకు తల అంటేటప్పుడు నాలుగు వేళ్ళే నొక్కేవి, ఆ వేలు ఆనేది కాదు. ఇది మా అమ్మ చెయ్యి."

ఆ ఇంట్లో ఆడవాళ్ళకి ఘోషా. పరాయి మగవాడి కంట పడకూడదు. ఫొటోగ్రాఫరు ఎదుటికి రాలేదు కాబట్టి తెర వెనకనుంచి చెయ్యి పెట్టి, పడిపోకుండా పట్టుకుని ఉంటుంది. ఆ ఇంట్లో శవానికి స్నానం చేయించాక పైవాళ్ళని ముట్టుకోనిచ్చేవారు కాదని ఆవిడే చెప్పారు. తల్లికి ఎక్కడా ఒక్క ఫొటో కూడా లేదట. మొగుడు పోయిన మనిషికి ఫొటో ఏమిటని ఎవరూ తీయించలేదు. అడిగితే మీ నాన్న ఫొటో ఉందిగా అనేదట.

ఆవిడ ఇంకా అక్కడే చూస్తూ, "గాజులున్నాయండీ. నేను ఎప్పుడూ మా అమ్మ చేతికి గాజులు చూడలేదు" అన్నారు. అప్పుడు ఏడ్చారు. భాయ్ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

వెళ్ళబోయే ముందు, ఏం చేయమంటారని అడిగాను. రెండో కన్ను కూడా ముందున్నట్టే గీసేయమన్నారు. అలా చూస్తున్నాడని చెప్పింది అమ్మ, నేనెందుకు చెరపాలి అన్నారు. ఆ చేతిని మాత్రం మళ్ళీ మూయవద్దన్నారు.

నేను ఎడమకన్ను గీశాను. కొత్త వెల్వెట్ తెచ్చి, ఆ వేళ్ళూ, గాజులూ కనపడేలా అంచు వంపుగా కత్తిరించి అంటించాను. సర్వీసులో నేను అంత జాగ్రత్తగా కత్తెర పట్టిన రోజు లేదు. నడుం గుడ్డ మీద దట్టీ మళ్ళీ వేశాను. కొత్త పత్తి కొని తెస్తే భాయ్ ఒప్పుకోలేదు. పాతదే ఎండబెట్టి, దులిపి ఇచ్చాడు.

పటం బిగించడానికి ఇద్దరం బంగళాకి వెళ్ళాం. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. హాలు గుమ్మంలో పటం ఎక్కించాక మునిమనవడు అటూ ఇటూ తిరిగి చూసి, అంతా బాగుంది కానీ కళ్ళలో మెరుపు లేదు, ఒక చుక్క పెట్టండి, ఫొటోల్లో బాగా వస్తుంది అన్నాడు. నేను ఆవిడ వైపు చూశాను. వద్దన్నారు. ఆ చెయ్యి చూసి పెళ్ళికొచ్చినవాళ్ళు బొమ్మలో తప్పు దొర్లిందంటున్నారని తర్వాత అతనే ఫోన్లో చెప్పాడు. అయినా మూయించలేదు, మంచివాడు.

ఆ రోజు ఆవిడ ఎప్పటిలాగే పటం ముందు కుర్చీ వేయించుకున్నారు. కాకపోతే ఈసారి మధ్యలో వేయించుకోలేదు. కుడివైపు, ఆ చెయ్యి ఉన్న వైపుకి జరిపించుకున్నారు. నేను సామాను సర్దుకుంటూ, వెళ్ళొస్తానమ్మగారూ, మీ నాన్నగారి చూపుని నేనే తుడిచేశాను, క్షమించండి అన్నాను. నలభై ఏళ్ళలో కస్టమరుకి క్షమాపణ చెప్పడం నాకదే మొదలు.

"నాన్న చూడకపోతే పోనివ్వండి. మనిషి పడిపోకుండా పట్టాలంటే రెండు చేతులూ కావాలి కదా, ఒక్క చెయ్యే పెట్టిందేమా అని ఆలోచించాను" అన్నారు ఆవిడ. "రెండో చేతిలో నేనుండి ఉంటాను."

నేను ఆ వెల్వెట్ తెర వైపు చూశాను. దాన్ని అంటించింది నేనే. దాని వెనక అట్ట, అట్ట వెనక గోడ తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఆ తెరనే చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.